రెండు రిషభాల మధ్య

కోటయ్య తన జీవితంలో ఏ రాగాన్నీ తనంతట తాను మొదలుపెట్టలేదు. ఆయన పక్కవాద్యం మనిషి. పాడేవాళ్ళు మధ్యలో కూర్చుంటారు, ఆయన వాళ్ళకి ఎడమపక్కన వయొలిన్ పట్టుకుని కూర్చుంటాడు. వాళ్ళు ఒక సంగతి వేస్తే దాని నీడ పట్టుకుని వెళ్తాడు. వాళ్ళు ఆగితే ఆ చివర అందుకుని, వాళ్ళు మళ్ళీ ఊపిరి తీసుకునేదాకా కచేరీని మోస్తాడు.

తెనాలిలో ఆయనకి వయొలిన్ నేర్పిన పరంధామయ్యగారు మొదటి ఏడాదే ఒక మాట చెప్పారు. పాడేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు స్వరం తప్పుతారు, అది సభకి తెలియకూడదు. అసలు స్వరాన్ని నువ్వు గట్టిగా పట్టు, తప్పు దాని కింద కనబడకుండా పోతుంది. అంతకన్నా పెద్ద మర్యాద పక్కవాద్యగాడు చెయ్యలేడు. కోటయ్య అది బాగా నేర్చుకున్నాడు. డాలస్ చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది పిల్లల తప్పులు ఆయన కమాను కింద కనబడకుండా పోయాయో ఆ పిల్లల తల్లిదండ్రులకి తెలియదు. పిల్లలకీ తెలియదు.

ఉద్యోగం నీళ్ళ పరీక్ష. ఊరికి వదిలే ముందు నీళ్ళు సీసాల్లో పట్టి, అందులో ఏముందో ఎంతుందో తేల్చే ల్యాబ్‌లో కెమిస్టు. ఇర్వింగ్‌లో ఇల్లు. భార్య ఉమ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో పనిచేసేది. కూతురు స్మృతి ఆస్టిన్‌లో ఉండేది, ఆదివారాలు ఫోన్ చేసేది.

2006లో తెలుగు సంఘం తరఫున గోపీనాథ్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. కుర్రాడంటే నలభై ఏళ్ళుంటాయి. ఈసారి ఆరాధనకి చెన్నై నుంచి విద్వాంసుల్ని రప్పిస్తున్నామనీ, వాళ్ళ పక్కవాద్యాలు వాళ్ళే తెచ్చుకుంటారనీ చెప్పాడు. "ఇన్నేళ్ళూ కష్టపడ్డారు, అంకుల్. ఈసారి ముందు వరసలో కూర్చుని హాయిగా వినండి." కోటయ్య మంచిదన్నాడు. హాయిగా వినడానికి వెళ్ళాడు కూడా. ఆ మరుసటి ఏడాదీ, ఆ పై ఏడాదీ అలాగే జరిగింది. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళయిపోయిన ఇంట్లో పెద్దన్నకిచ్చే గౌరవంలాంటిది దక్కింది. వయొలిన్ పెట్టె క్లోజెట్‌లో కోట్ల వెనక్కి చేరింది.

ల్యాబ్‌లో పక్క బెంచీ ఫరామర్జ్‌ది. షిరాజ్ నుంచి వచ్చిన ఇరానీ. భార్య పోయింది, పిల్లలు లేరు. కుడిచేతి చూపుడు వేలి గోరు ఒక్కటీ పెంచుకునేవాడు. గ్లవ్స్ చిరుగుతాయి, తీసెయ్యమని సూపర్‌వైజర్ రెండుసార్లు చెప్పింది. అతను రెండుసార్లూ సరేనన్నాడు, తియ్యలేదు. సెతార్ వాయించడానికి ఆ గోరు కావాలి. సెతార్ అంటే మన సితార్ కాదు, చేటంత కూడా లేని పొట్ట, పొడుగాటి మెడ, నాలుగు తీగలు. మూడు గజాల అవతల కూర్చుంటే వినబడదు.

"కోటా జాన్, నీ దగ్గర వయొలిన్ ఉందని ఎనిమిదేళ్ళు పక్కన కూర్చుని చెప్పలేదు," అన్నాడతను, ఎవరి ద్వారానో తెలిసిన రోజున. పేరు చివర జాన్ చేర్చడం వాళ్ళలో ఆప్యాయత.

"నువ్వడగలేదు," అన్నాడు కోటయ్య.

శనివారం మధ్యాహ్నం మూడింటికి రిచర్డ్‌సన్‌లో ఫరామర్జ్ ఇంటికి వెళ్ళాడు. అక్కడ షిలేర్ ఉంది.

షిలేర్ కుర్దు మనిషి. కెర్మాన్షా దగ్గర ఒక పల్లె. ఇర్వింగ్‌లోనే, ఇండియన్ గ్రోసరీ ఉన్న వరసలో, ఒక డ్రైక్లీనింగ్ షాపులో బట్టలు కుదించి ఇచ్చే పని చేసేది. కోటయ్య ప్యాంట్లు ఆమె చేతి కిందుగా ఎన్నోసార్లు వెళ్ళాయి. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టడానికి నిమిషం పట్టింది. "ముప్ఫై రెండు నడుము, ఇరవై తొమ్మిది పొడుగు," అంది ఆమె. అదే పరిచయం. ముగ్గురికీ ఉన్న ఉమ్మడి భాష ఇంగ్లీషు. ముగ్గురిదీ మూడు రకాల ఇంగ్లీషు.

వాళ్ళిద్దరూ ఏం చేస్తున్నారో అర్థం కావడానికి కోటయ్యకి కొన్ని నెలలు పట్టింది.

ఫరామర్జ్ గురువు దగ్గర కూర్చుని చిన్న చిన్న స్వరాల అల్లికలు వందలకొద్దీ కంఠస్థం చేసినవాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికి ఒక వరస ఉంది. ఆ వరసలో నడుస్తూ అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవాలి. మన ఆలాపనలాగే తాళం ఉండదు. షిలేర్‌కి వరస లేదు. ఆమె తల్లి దగ్గరా, తల్లి మేనత్త దగ్గరా విని నేర్చుకున్నది హోరె అని ఒక పాత పద్ధతి. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వాద్యం లేకుండా, గొంతు కొండకి తగిలి తిరిగొచ్చేలా పాడతారు. ఒకరు పర్షియన్‌లో, ఒకరు కుర్దులో. రిహార్సల్ ఉండేది కాదు. ఫరామర్జ్ ఒక స్వరం మీద నిలబడేవాడు. ఆమె దాని పక్క నుంచి ఎత్తుకునేది. అతను తన వరస వదిలి రెండడుగులు ఆమె వైపు వెళ్ళేవాడు. ఆమె తన కేక తగ్గించి అతని వైపు వచ్చేది. ఎక్కడో కలిసేవాళ్ళు. ఎక్కడన్నది ఏ శనివారమూ ముందు తెలిసేది కాదు. కొన్ని శనివారాలు కలిసేవాళ్ళు కారు. అప్పుడు టీ తాగి, ఆపిల్ ముక్కలు తిని, కుర్దుల నుంచి ఎవరేం ఎత్తుకుపోయారన్న దాని మీద వాదించుకునేవాళ్ళు. పర్షియన్ సంగీతంలో కుర్దుల పేరుతోనే ఒక బాణీ ఉంది. అది తమదేనని ఆమె, కాబట్టే మీ పేరు పెట్టామని అతను.

"ఇల్లు తీసుకుని, తలుపు మీద నా పేరు ఉంచారు," అనేది షిలేర్.

"అద్దె కట్టకుండా రోజూ వచ్చి పాడుతున్నావుగా," అనేవాడు ఫరామర్జ్.

మొదటిసారి కమాను పట్టినప్పుడు కోటయ్య తనకి తెలిసిన పని చేశాడు. ఆమె గొంతుని నీడలా పట్టుకున్నాడు. ఆమె పైకి వెళ్తే అరక్షణం వెనక తనూ వెళ్ళాడు. నాలుగో పాదంలో ఆమె ఆగిపోయి వెనక్కి చూసింది.

"పోలీసు కారు వెంట వస్తున్నట్టుంది," అంది. "ఎప్పుడు లైట్లు వేస్తావా అని చూస్తున్నాను."

ఫరామర్జ్ నవ్వి వాళ్ళ పద్ధతి చెప్పాడు. పాడేవాళ్ళు ఒక పాదం పూర్తిగా పాడేదాకా వాద్యం ఊరుకోవాలి. తర్వాత విన్నదాన్ని విన్నట్టు తిరిగి చెప్పాలి. జవాబు అంటారు. తిరిగి చెప్పాక, నీ దగ్గరేమైనా ఉంటే ఒక మాట కలపొచ్చు. కోటయ్యకి ఆ ఊరుకోవడం అలవాటు కావడానికి ఎండాకాలమంతా పట్టింది. కమాను తీగకి జానెడు దూరంలో పెట్టుకుని, ఆమె పాదం చివరిదాకా వెళ్ళి ఆగేదాకా చేతిని పట్టి ఉంచేవాడు. ఇంటికెళ్ళాక భుజం నొప్పి పెట్టేది. వాయించినందుకు ఎప్పుడూ పెట్టని నొప్పి.

ఏడాదిన్నర అలా గడిచింది. పెద్ద జవాబులు ఫరామర్జ్‌వే. కోటయ్యకి చిన్నవి వచ్చేవి. శుక్రవారం రాత్రే వయొలిన్ తుడిచి తలుపు దగ్గర పెట్టుకునేవాడు. శనివారం ఎవరైనా భోజనానికి పిలిస్తే ఉమ తనంతట తానే కుదరదని చెప్పడం మొదలుపెట్టింది. ఆయన వాయించడానికి మిగిలిన చోటు ఆ గది ఒక్కటే. 

2009 మార్చిలో నౌరూజ్ వచ్చింది. వసంతం మొదటి రోజు. పర్షియన్లూ చేసుకుంటారు, కుర్దులూ చేసుకుంటారు, ఎవరి హాల్లో వాళ్ళు. ఆ ఏడు ఎవరికో బుద్ధి పుట్టి, ఒక లైబ్రరీ హాల్లో ఇద్దరూ కలిసి చేసుకుందామన్నారు. ఫరామర్జ్‌నీ షిలేర్‌నీ అరగంట వాయించమన్నారు. నూట యాభై కుర్చీలు. కోటయ్య వెనక కూర్చుంటే చాలు.

ఆ రోజు ఉదయం ఫరామర్జ్ గోరు చీలింది. కారు ట్రంకులోంచి కుర్చీలు దింపుతుంటే తగిలింది. జిగురు పెట్టి అతికించాడు, నిలవలేదు. వేలి కొసతో తీగ మీటగలడు, శ్రుతి పట్టి ఉంచగలడు, అంతకుమించి వాయించలేడు. స్టేజి పక్కన నిలబడి, "జవాబులు నువ్వు చెప్పాలి, కోటా జాన్," అన్నాడు. కోటయ్య తల ఊపాడు.

షిలేర్ నల్ల గౌను వేసుకుని నిలబడింది. ఇంట్లో ఎప్పుడూ కింద కూర్చుని పాడే మనిషి. మొదటి రెండు పాదాలు పర్షియన్ బాణీలో, ఫరామర్జ్ మైకు ముందు మీటుతున్న స్వరాల మీద, బుద్ధిగా పాడింది. కోటయ్య జవాబులు బుద్ధిగా చెప్పాడు. మూడో పాదంలో చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. భాష కుర్దుకి మారింది. వెనక వరసల్లో కుర్దు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

ఆ బాణీ కోటయ్య చెవికి మొదటి రోజు నుంచీ తోడిలా వినబడేది. తేడా అంతా రిషభం దగ్గర. తోడిలో రి కిందికి, షడ్జానికి ఆనుకుని ఉంటుంది. అదే రి పైకి జరిగితే నటభైరవి అయిపోతుంది. వీళ్ళది ఆ రెంటికీ మధ్య. ఆ చోటు మన సంగీతంలో లేకపోలేదు, గమకంలో దాటిపోతూ తగులుతుంది. అక్కడ నిలబడం. సెతార్ మెడకి కట్టిన నరం మెట్టు ఆ మధ్య చోటులోనే ఉంది కాబట్టి, కోటయ్య ఏడాదిన్నరగా కళ్ళతో ఆ మెట్టుని చూసి అక్కడ వేలు పెట్టడం నేర్చుకున్నాడు. ఆ రోజు షిలేర్ నిలబడింది ఆ మెట్టు దగ్గర కూడా కాదు. దానికి ఇంకాస్త పైన. అక్కడ నిలబడి, గొంతు వదిలి, హాలంతా నిండేదాకా ఆగింది.

స్టేజి కొత్త, భయపడింది, తప్పింది అనుకున్నాడు కోటయ్య. నిజానికి అనుకోలేదు. అనుకునే లోపలే చెయ్యి కదిలింది. ఆమె పాదం ఇంకా పూర్తి కాలేదు. కమాను తీగ మీద పడి, తోడి రిషభాన్ని, ముత్యంలాంటి శుద్ధ రిషభాన్ని, గట్టిగా, మర్యాదగా ఆమె స్వరం మీద కప్పింది. నలభై ఏళ్ళలో అంత శుద్ధంగా ఆయన ఎప్పుడూ పట్టలేదు.

ముందు వరసలో ఎవరో మెచ్చుకోలుగా శబ్దం చేశారు. షిలేర్ గొంతు ఆగింది. ఆయన వైపు చూడలేదు. కాసేపు నిలబడి, చెయ్యి చెవి మీంచి దించి, స్టేజి దిగి వెళ్ళిపోయింది. తర్వాత కార్యక్రమం పిల్లల డాన్సు. కాస్త ముందుగా మొదలైంది.

ఆ శనివారం ఫరామర్జ్ రావద్దని ఫోన్ చెయ్యలేదు. రమ్మనీ చెయ్యలేదు. సోమవారం బెంచీ దగ్గర నీళ్ళ సీసాలు సర్దుకుంటూ చెప్పాడు. ఆమె నీతో కలిసి కూర్చోనంటోంది, నువ్వు వస్తే తను రానంటోంది, నేనేం చెయ్యను. కోటయ్య మంచిదన్నాడు. అలా అనడం ఆయనకి అలవాటే.

ఉమకి రెండు వారాలు చెప్పలేదు. మూడో శనివారం ఆయన ఇంట్లోనే ఉంటే అడిగింది. చెప్పాడు.

"తప్పు కప్పితే కోపం ఎందుకొస్తుందండీ?" అంది.

"అది తప్పు కాదేమో."

"మీకు తప్పనిపించిందిగా?"

"నాకు అనిపించింది."

మరుసటి వారం లంచ్ టైములో డ్రైక్లీనింగ్ షాపుకి వెళ్ళాడు. షిలేర్ మిషన్ దగ్గర ఉంది. నోట్లో రెండు గుండుసూదులు.

"ప్యాంటు తెచ్చావా?" అంది.

"లేదు."

"అయితే కౌంటరు ముందు నుంచి జరుగు. తెచ్చేవాళ్ళు వస్తారు."

ఆయన పక్కకి జరిగి, గోడవైపు నిలబడి, చెప్పదలుచుకున్నది చెప్పాడు. మా ఊళ్ళో పద్ధతి ఇది. పాడేవాళ్ళ స్వరం జారితే పక్కవాడు తన స్వరంతో కప్పుతాడు. అవమానించడానికి కాదు, కాపాడటానికి. దాన్ని మేం మర్యాద అంటాం. ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకి గుచ్చింది. ఆమెకి అర్థమైందనే ఆయనకి అనిపించింది. అర్థమయ్యాక ఇంకా కోపం వచ్చినట్టుంది.

"నేను జారలేదు."

"ఇప్పుడు తెలుసు."

"జారినా అది నాది. నిన్నెవరు అడిగారు?" మిషన్ ఆపింది. "మా దేశంలో ఆడది మగవాళ్ళ ముందు ఒంటరిగా పాడకూడదు. తెలుసా నీకు? పెళ్ళిళ్ళలో, ఆడవాళ్ళ గదిలో, తలుపులేసుకుని పాడాను. ఇక్కడ ఫరామర్జ్ ఇంట్లో పాడాను. యాభై రెండేళ్ళకి స్టేజి ఎక్కాను. ఎక్కగానే ఒక మగవాడు సరిదిద్దాడు."

ఒకతను సూటు తీసుకుని లోపలికొచ్చాడు. ఆమె అతనికి రసీదు రాసిచ్చింది. అతను వెళ్ళాక కూడా కోటయ్య నిలబడి ఉన్నాడు.  వెళ్ళొస్తానని చెప్పి వచ్చేశాడు.

ఫరామర్జ్ శనివారాలన్నీ ఒక చిన్న రికార్డర్‌లో పట్టి ఉంచేవాడు. అడిగితే సీడీలు చేసి ఇచ్చాడు, ఎందుకని అడగలేదు. కోటయ్య స్మృతి పాత గదిలో కూర్చుని ఆ స్వరాన్ని వెతకడం మొదలుపెట్టాడు. ల్యాబ్‌లో ఆయన రోజంతా చేసే పనీ అలాంటిదే. పట్టిన నీళ్ళలోకి మందు బొట్టు బొట్టుగా వదులుతూ, రంగు మారిన చోట ఆపాలి. ఒక బొట్టు ఎక్కువైతే పారబోసి మళ్ళీ మొదలెట్టాలి. వేలు రెండు రిషభాల మధ్య పెట్టేవాడు. పెట్టిన వేలు నిలిచేది కాదు, తనంతట తానే ఊగి కిందికో పైకో ఏదో ఒక ఇంటికి చేరేది. ఊగకుండా పట్టి ఉంచితే స్వరం చచ్చినట్టుండేది.

ఆదివారం స్మృతి ఫోన్‌లో ఆ శబ్దమేంటని అడిగింది. "నేను ఫ్రిజ్ పాడైందనుకుని మెకానిక్‌ని బుక్ చేశాను," అంది ఉమ. "వచ్చి చూసి, మీ నాన్నని చూపించి వెళ్ళిపోయాడు."

రెండు నెలలకి ఆయనకి ఒక సంగతి తెలిసింది. వెతుకుతున్న చోట ఆ స్వరం లేదు. సీడీల్లో షిలేర్ రిషభం ఏ రెండుసార్లూ ఒకేచోట ఉండటం లేదు. పైకి వెళ్ళేటప్పుడు ఎత్తుగా ఉంది, దిగేటప్పుడు కాస్త కిందికి వస్తోంది. పోయినవాళ్ళ పేరు వచ్చే పాదాల్లో మరీ కిందికి, తోడి దగ్గరిదాకా వచ్చి ఆగుతోంది. ఫరామర్జ్ మెట్టు ఒకేచోట ఉంది. అతను ఆ తేడా అంతా తీగని వేలితో కొద్దిగా లాగి సరిపెడుతున్నాడు. మరీ దూరమైతే ఆ స్వరం వాయించకుండా పక్కదాంతో జవాబు చెబుతున్నాడు. వాళ్ళిద్దరూ ప్రతి వారం కలవడానికి అంతసేపు పట్టేది ఇందుకే. పర్షియన్ మెట్టుకీ కుర్దు గొంతుకీ ఉన్న ఆ వెంట్రుకవాసి దూరాన్ని ఏ వారానికావారం కొత్తగా దాటుతున్నారు. ముందే దాటి పెట్టుకోవడానికి వీల్లేదు. కోటయ్య ఏడాదిన్నర ఆ గదిలో కూర్చున్నాడు, ఇది వినలేదు. ఆమె ఏం పాడాలో తనకి తెలుసనుకుంటూ విన్నాడు.

ఈ సంగతి ఫరామర్జ్‌కి చెప్పాడు. ఫరామర్జ్ ఆమెకి చెప్పాడో లేదో తెలియదు. అక్టోబరులో ఆమె నుంచి కబురొచ్చింది. రావచ్చు. కూర్చోవచ్చు. పెట్టె తెరవకూడదు.

కోటయ్య వెళ్ళాడు. పెట్టె పక్కన పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. ఆమె పలకరించలేదు. ఆపిల్ ముక్కల పళ్ళెం మాత్రం ఆయన దాకా జరిపింది. నవంబరంతా అలాగే. ఉమ ఒకసారి ఉండబట్టలేక అనేసింది, ఇరవై మైళ్ళు డ్రైవ్ చేసి వెళ్ళి గోడకి ఆనుకోవడానికి మనింట్లో గోడలు లేవా అని. ఉన్నాయన్నాడు. డిసెంబరులో మంచు పడి రోడ్లు మూసిన శనివారం ఒక్కటీ వెళ్ళలేదు.

వాయించే పని లేకపోతే వినడం వేరుగా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదట్లో ఎడమచేతి వేళ్ళు ప్యాంటు మీద కదిలేవి. జనవరికి కదలడం మానేశాయి.

జనవరి చివరి శనివారం. టెక్సాస్‌లో సీడర్ చెట్ల పుప్పొడి గాలంతా నిండే రోజులు, ఊరు ఊరంతా తుమ్ముతూ ఉంటుంది. షిలేర్ గొంతు బొంగురుగా ఉంది. టీలో తేనె కలుపుకుని తాగింది. ఫరామర్జ్ శ్రుతి చేసుకుంటుంటే, కోటయ్య వైపు చూడకుండా అంది:

"పెట్టె తెరువు. లోపల చచ్చిపోయి ఉంటుంది."

ఆయన తెరిచాడు. చావలేదు, రెండు తీగలు దిగిపోయాయి. బిగించి శ్రుతి చేశాడు.

ఫరామర్జ్ చాలాసేపు ఒక్కడే వాయించాడు. షిలేర్ అతని వరసలోనే మొదలుపెట్టి, మెల్లగా పక్కకి తిరిగి, కుర్దులోకి వెళ్ళింది. పాదం పైకి ఎక్కుతోంది. రిషభం దాటింది, గాంధారం దాటింది. పైన, అందరూ ఎదురుచూసే చోట, గొంతు పగిలింది. ఆమె ఎంచుకున్నది కాదు. పుప్పొడి, దగ్గు, వయసు, ఏదో ఒకటి. స్వరం రెండుగా చీలి, మధ్యలో గాలి మాత్రం వచ్చి, చివర కిందెక్కడో గరుకుగా పడింది. ఆమె అక్కడే ఆగింది. కళ్ళు తెరవలేదు.

జవాబు ఫరామర్జ్‌ది. అతను గోరు తీగ మీదిదాకా తెచ్చి, ఆపేసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాయిస్తే ఆ చీలిక కనబడుతుంది. సరిచేసి వాయిస్తే ఏమవుతుందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. మర్యాదస్తుడు, ఊరుకున్నాడు.

కోటయ్య కమాను ఎత్తాడు. ఈసారి తప్పు జరిగింది, అందులో సందేహం లేదు. పై స్వరం ఎక్కడుండాలో ఆయన వేలికి తెలుసు. అక్కడ పెడితే వినసొంపుగా ఉంటుంది, కానీ తప్పు దాచడానికి ఇక్కడ సభ లేదు, దాస్తే ఆమె మళ్ళీ రాదు. ఆమె పాదాన్ని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆమె రిషభం ఈ రోజు ఎక్కడ నిలబడిందో అక్కడ నిలబడ్డాడు, వేలు ఊగలేదు. పైకి ఎక్కాడు. పగిలిన చోట కమాను తీగ మీద ఆనీ ఆననట్టు ఉంచి, స్వరం రెండుగా చీలనిచ్చి, మధ్యలో గుర్రపువెంట్రుకల గాలి శబ్దం మాత్రం రానిచ్చాడు. చివర కిందికి, గరుకుగా, ఆమె పడ్డ చోటే పడ్డాడు. ఒక్క స్వరం కలపలేదు. ఒక్కటి దాచలేదు. తెనాలిలో ఇలా వాయిస్తే లేవదీసి పంపించేవాళ్ళు.

పక్కింటి వాళ్ళ గరాజ్ తలుపు లేచిన శబ్దం వచ్చింది.

షిలేర్ ఆ కింద పడ్డ చోటు నుంచే మొదలుపెట్టింది. పై స్వరం కోసం మళ్ళీ వెళ్ళలేదు. ఆ గరుకు స్వరాన్ని పట్టుకుని, తక్కువ గొంతుతో, దాని చుట్టూ చిన్న చిన్న అడుగులు వేసింది. రెండో పాదంలో మాటలు పర్షియన్‌లోకి మారాయి. అది ఫరామర్జ్ వరసలో ఎక్కడో చివర రావలసిన చోటని తర్వాత అతను చెప్పాడు. అటు వైపు నుంచి అక్కడికి రావచ్చని అతనికెవరూ నేర్పలేదు. అతను సెతార్ ఎత్తి, మెడ మీద రిషభం మెట్టుని బొటనవేలితో తోసి, గోరంత పైకి జరిపాడు. గురువు కట్టిన చోటు నుంచి ఆ మెట్టు కదలడం కోటయ్య అదే మొదటిసారి చూడటం. ముప్పావు గంట వాయించారు. రెండుసార్లు జవాబు తర్వాత ఆమె ఊపిరి తీసుకోవడం ఆలస్యమైంది. ఆ రెండుసార్లూ కోటయ్య ఒక మాట కలిపాడు. అది ఎవరూ పాడనిది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన ఆలోచించలేదు. రెండోదాన్ని ఆమె అందుకుని పాడింది.

టీ తాగారు. ఫరామర్జ్ రికార్డర్ చూసుకుంటే బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంది. పర్షియన్‌లో తిట్టుకున్నాడు. షిలేర్ కోటు తొడుక్కుని, తాళాలు వెతుక్కుంటూ, గుమ్మం దగ్గర కోటయ్య ముందు ఆగింది.

"నా గొంతు మరీ అంతగా పగల్లేదు," అంది. "నువ్వు ఎక్కువ చేశావు."

ఆయన ఆలోచించాడు. "ఎక్కువ చెయ్యలేదు. అంతే పగిలింది."

ఆమె ఆయన్ని చూసింది. ప్యాంటు కొలత చూసే చూపే. ఆ తర్వాత, వచ్చే శనివారం తనకి షాపులో ఆలస్యమవుతుందనీ, మూడింటికి కాకుండా నాలుగింటికి మొదలుపెడదామనీ ఇద్దరికీ కలిపి చెప్పి, మెట్లు దిగింది.